‘ప్రమాదకర జాతి’ అన్న ముద్రలో నిజమెంత? డెల్టా చెరువు గట్ల నుంచి చూస్తే

క్లుప్తంగా: కొన్ని జాతుల కుక్కలు కరిస్తే గాయం పెద్దదవుతుంది. వాటి చెడ్డపేరులో ఆ మేరకు నిజం ఉంది. ఫలానా కుక్క కరుస్తుందా లేదా అన్నది మాత్రం జాతి పేరును బట్టి తేలదు. దాన్ని ఎలా కట్టేశారు, పిల్లగా ఉన్నప్పుడు మనుషుల మధ్య పెరిగిందా, ఆ సమయానికి పక్కన ఎవరున్నారు అన్న విషయాలు తేలుస్తాయి. మన దేశంలో ఎక్కువ కాట్లు ఏ జాతి పేరూ లేని కుక్కలవే కాబట్టి, నిషేధ జాబితాల చుట్టూ తిరిగే చర్చకు అసలు ప్రమాదం అందడం లేదు.

గోదావరి డెల్టాలో భీమవరం, అమలాపురం, కాకినాడ లాంటి ఊళ్ళలో గేటుకు ‘కుక్కలున్నవి జాగ్రత్త’ అని బోర్డు ఉంటే, దాని వెనుక ఒకప్పుడు ఉండేది బొచ్చు పొమేరియన్, మహా అయితే ఓ అల్సేషియన్. ఇప్పుడు రాట్‌వీలర్, పిట్‌బుల్, కేన్ కోర్సో పేర్లు డెల్టా పల్లెల్లోనూ వినిపిస్తున్నాయి. రొయ్యల చెరువు కాపలాకి ఒకటి, కొత్తగా కట్టిన డాబా ముందు దర్జాకి ఒకటి. పేర్లతోపాటే భయమూ వచ్చింది. 2022 జూలైలో లక్నోలో 82 ఏళ్ళ వృద్ధురాలిని ఇంట్లో పెంచుకుంటున్న పిట్‌బుల్ చంపేసిన వార్త దేశమంతా తిరిగింది. అదే ఏడాది గాజియాబాద్ నగరపాలక సంస్థ పిట్‌బుల్, రాట్‌వీలర్, డోగో అర్జెంటీనో పెంపకాన్ని నిషేధించింది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ ఇంకో అడుగు ముందుకేసి, 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలనీ, ఇప్పటికే ఇళ్ళలో ఉన్నవాటికి కు.ని. ఆపరేషన్లు చేయించాలనీ రాష్ట్రాలకు లేఖ రాసింది.

ఆ లేఖ ఎక్కువ కాలం నిలవలేదు. ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు, ఆ వెంటనే ఢిల్లీ హైకోర్టు దాన్ని పక్కన పెట్టాయి. కుక్కలు పెంచేవాళ్ళతో, సంబంధిత సంఘాలతో సంప్రదించకుండా నిర్ణయం తీసుకున్నారన్నది ప్రధాన అభ్యంతరం. లేఖ పోయినా ‘బ్యాన్ చేసిన కుక్కలు’ అన్న మాట మాత్రం జనం నోట్లో ఉండిపోయింది. ఏది బ్యాన్ అయిందో, ఎప్పుడు అయిందో, ఇప్పుడు ఉందో లేదో తెలియకుండానే ఆ మాట వాడుతున్నారు.

జాబితాను దగ్గరగా చదివితే

జాబితాలో పిట్‌బుల్ టెర్రియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్, రాట్‌వీలర్, కేన్ కోర్సో, అకిటా ఉన్నాయి. టర్కీలో గొర్రెల మందలకు కాపలా కాసే కంగల్, అక్బాష్ ఉన్నాయి. జపాన్ టోసా పేరు రెండుసార్లు వచ్చింది. ‘టెర్రియర్లు’ అని ఒక్క మాటలో రాసేశారు. ఆ లెక్కన చీర కొంగులో పట్టే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా ప్రమాదకరమే అవుతుంది. మరోవైపు జర్మన్ షెపర్డ్, డాబర్‌మ్యాన్ ఇందులో లేవు. డెల్టాలో ఇళ్ళ ముందు, రైసు మిల్లుల దగ్గర, చెరువుల మీద కాపలాకి కట్టే పెద్ద కుక్కల్లో ఎక్కువగా కనిపించేవి ఆ రెండూ, వాటికి ఊరకుక్కతో పుట్టిన సంకరాలూ. అంటే జాబితా యథాతథంగా అమలైనా ఇక్కడి కాపలా కుక్కల్లో ఎక్కువ భాగం దాని బయటే ఉండేవి.

అంతకంటే మొండి సమస్య గుర్తింపుది. ఒక కుక్క పిట్‌బుల్ అని చెప్పేదెవరు? ప్రపంచ కెన్నెల్ సంఘాల సమాఖ్య ఎఫ్‌సీఐ అసలు పిట్‌బుల్ టెర్రియర్‌ను జాతిగా గుర్తించదు. ఫోన్లో ఫొటో చూపించి అమ్మే పిల్లకు వంశపత్రం ఉండదు. వెడల్పు తల, పొట్టి బొచ్చు, కండపట్టిన రొమ్ము ఉంటే పిట్‌బుల్ అనేస్తారు.

పందెం కోళ్ళ గురించి తెలిసిన జిల్లాలకు ఈ తికమక కొత్త కాదు. డేగ, కాకి, నెమలి, సేతువ అన్నవి ఈక రంగును బట్టి పెట్టిన పేర్లు. ఒకే పెట్ట పిల్లల్లో డేగా ఉండొచ్చు, కాకీ ఉండొచ్చు. బరిలో డబ్బు పెట్టేవాడు రంగుతో ఆగడు. పుంజు ఎవరి దగ్గరి వంశం, ఎవరు మేపారు, ఎన్నాళ్ళు కట్టేసి తయారు చేశారు అని అడుగుతాడు. కుక్క దగ్గరికొచ్చేసరికి అదే మనిషి తల వెడల్పు చూసి తీర్పు చెప్పేస్తాడు. అమెరికాలో 2000 నుంచి 2009 వరకు కుక్కల దాడుల్లో జరిగిన 256 మరణాలను పశువైద్య పరిశోధకులు ఒక్కొక్కటిగా తిరగేస్తే, కుక్క జాతిని నమ్మదగిన ఆధారంతో నిర్ధారించగలిగింది 17.6 శాతం కేసుల్లోనే. మిగతావాటిలో పేపర్లు రాసిన జాతి పేరు చూపు మీద వేసిన అంచనా.

చెడ్డపేరు పుట్టిన చోటు

ముద్ర పూర్తిగా గాలి కబురు అనడానికీ లేదు. ఇంగ్లండ్‌లో కట్టేసిన ఎద్దు మీదికి కుక్కల్ని ఉసిగొల్పే వినోదం శతాబ్దాల పాటు సాగింది. దాన్ని 1835లో చట్టం నిషేధించాక, నాలుగు గోడల మధ్య గుట్టుగా సాగే కుక్కల పోట్లాటలు పెరిగాయి. బుల్‌డాగ్ పట్టునూ టెర్రియర్ చురుకునూ కలిపి పుట్టించిన కుక్కలే ఇప్పటి పిట్‌బుల్ రకాల పూర్వీకులు. పట్టు వదలని వాటిని, నొప్పికి వెనక్కి తగ్గని వాటిని ఏరి ఏరి దాటించారు. పట్టి, వదలకుండా విదిలించే ఆ కాటు తీరు అక్కడి నుంచి వచ్చిందే. దవడ ‘లాక్’ అయిపోతుందన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. వాటి దవడలో అలాంటి ప్రత్యేక కీలు ఏదీ లేదు.

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతుంటాయి. సాటి కుక్క మీద దూకే గుణం వేరు, మనిషి మీద తిరగబడే గుణం వేరు. పోట్లాట కుక్కల్లో ఏరుకున్నది మొదటిదాన్ని. బరిలో యజమాని పక్కనే నిలబడి తన కుక్కను చేత్తో పట్టి విడదీయాలి కాబట్టి, రెండోది ఆ ఆటకు అడ్డు. రాట్‌వీలర్ చరిత్ర ఇంకో రకం. జర్మనీలోని రాట్‌వైల్ ఊళ్ళో పశువులను తోలడానికి, కసాయివాళ్ళ బండ్లు లాగడానికి పెంచారు. డాబర్‌మ్యాన్‌ను తయారు చేసింది అపోల్డా ఊళ్ళో పన్నులు వసూలు చేసే ఉద్యోగి. జర్మన్ షెపర్డ్ గొర్రెల కాపరి కుక్కల నుంచి వచ్చింది.

చెడ్డపేరు ఒక జాతి దగ్గరే ఉండిపోదు కూడా. అమెరికాలో 19వ శతాబ్దంలో జనం హడలిపోయింది బ్లడ్‌హౌండ్‌ను చూసి. 1970లలో డాబర్‌మ్యాన్, 1980లలో పిట్‌బుల్, 1990లలో రాట్‌వీలర్ ఆ స్థానంలోకి వచ్చాయి. ఇరవై ఏళ్ళలో జాతి లక్షణం అంతలా మారదు. మారింది కొనేవాళ్ళు. ఒక జాతికి భయంకరమైనదని పేరు రాగానే భయపెట్టే కుక్క కావాలనుకునేవాళ్ళు దాన్నే వెతుక్కుంటారు. గిరాకీ చూసి, తల్లిదండ్రుల స్వభావం పట్టించుకోకుండా హడావిడిగా ఈతలు వేయిస్తారు. కొన్నవాళ్ళు గొలుసుకు కట్టి, మనిషిని చూస్తే మొరగడం నేర్పిస్తారు. అది కరుస్తుంది, పేపర్లో పడుతుంది, గిరాకీ మరింత పెరుగుతుంది. రొయ్యకు మంచి ధర వచ్చిన ఏడాది డెల్టాలో జరిగే కొనుగోళ్ళలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. కొనేటప్పుడు అడిగే మొదటి ప్రశ్నే ‘ఇది కరుస్తుందా?’ కరవదంటే బేరం దిగిపోతుంది.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

ప్రమాదం జాతిని బట్టే అన్న వాదానికి బలమైన ఆధారంగా తరచూ చూపించే లెక్క అమెరికాదే. 1979 నుంచి 1998 వరకు కుక్కల దాడుల్లో జరిగిన మరణాల్లో కుక్క జాతి నమోదైనవి 238, వాటిలో సగానికి పైగా మరణాల్లో ఉన్నవి పిట్‌బుల్ రకాలు, రాట్‌వీలర్లు. అదే అధ్యయనం కనీసం 25 జాతుల కుక్కలు మనుషులను చంపాయని కూడా చెప్పింది. దాన్ని రాసినవాళ్ళే ఈ అంకెలను జాతి ప్రమాద స్థాయిగా చదవొద్దని హెచ్చరించారు. దేశంలో ఏ జాతి కుక్కలు ఎన్ని ఉన్నాయో తెలియకపోవడం దానికి ఒక ముఖ్య కారణం. ఒక ఊళ్ళో ల్యాబ్రడార్ కాట్లు ఐదు, రాట్‌వీలర్ కాట్లు రెండు ఉంటే ఏది ప్రమాదకరం? ల్యాబ్రడార్లు వంద ఉండి రాట్‌వీలర్లు నాలుగే ఉంటే జవాబు ఒకటి, రెండూ సమానంగా ఉంటే ఇంకొకటి. మన దగ్గరైతే కాట్లను జాతివారీగా లెక్కపెట్టేవాళ్ళే లేరు, కుక్కలను అలా లెక్కపెట్టే మాట తర్వాత.

అమెరికాలోని డెన్వర్ నగరం కథ ఈ చిక్కును బాగా చూపిస్తుంది. అక్కడ 1989లో పిట్‌బుల్‌ను నిషేధించారు. 1994లో వచ్చిన అధ్యయనంలో, కరిచిన కుక్కలను కరవని కుక్కలతో పోల్చి చూస్తే జర్మన్ షెపర్డ్, చౌచౌ జాతులు ముందు నిలిచాయి. జాతిని పక్కన పెట్టి చూసినప్పుడు తేలింది ఇంకా ఉపయోగపడే విషయం. కరిచినవాటిలో మగవి, కు.ని. ఆపరేషన్ జరగనివి, పెరట్లో గొలుసుకు కట్టేసి ఉంచేవి ఎక్కువ. జాతుల పేర్లు ఊరిని బట్టి మారతాయి, గొలుసు మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

స్వభావం మీద జరిగిన పరిశోధనలు ముద్రను ఇంకా బలహీనం చేస్తాయి. వేల మంది యజమానులు నింపిన ప్రశ్నావళి ఆధారంగా 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో మనుషుల మీద దూకుడు ఎక్కువ చూపినవి డాక్స్‌హుండ్, చివావా లాంటి చిట్టి కుక్కలు. పిట్‌బుల్, అకిటా సాటి కుక్కల మీద దూకుడులో పైన ఉన్నాయి, ఇది వాటి చరిత్రతో సరిపోతుంది. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన 18 వేలకు పైగా కుక్కల ప్రవర్తన వివరాలు, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చూసింది. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతం. చెప్పిన మాట వినడం లాంటి గుణాల్లో జాతి ప్రభావం కాస్త కనిపించింది. ఎంత త్వరగా రెచ్చిపోతుందన్న విషయంలో జాతి చెప్పగలిగింది దాదాపు శూన్యం. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి’ అని మనం అనుకునేదానిలో ఎక్కువ భాగం ఆ ఒక్క కుక్క పుట్టుకది, అది పెరిగిన ఇంటిది. జాతి మొత్తానికీ అంటగట్టడానికి లేదు.

ఇంతవరకు చదివి ‘అయితే పిట్‌బుల్, పొమేరియన్ ఒకటే’ అనుకుంటే అది రెండో తప్పు. ఎన్నిసార్లు కరుస్తుందన్నది ఒక లెక్క, కరిస్తే ఏమవుతుందన్నది ఇంకో లెక్క. మూడు కిలోల చివావా రోజూ కరిచినా చర్మం గీసుకుపోతుంది. యాభై కిలోల రాట్‌వీలర్ ఏడాదికోసారి కరిస్తే చెయ్యి విరగొచ్చు, అదే పసిబిడ్డయితే ప్రాణమే పోవచ్చు. అమెరికా ట్రామా ఆసుపత్రుల సర్జన్లు రాసిన పత్రాల్లో పిట్‌బుల్ రకాల కాటు తిన్నవాళ్ళకు గాయాలు లోతుగా, ఆపరేషన్లు ఎక్కువగా కనిపించాయి. జాతిని గుర్తించడంలో ఉన్న పొరపాట్లను మినహాయించుకున్నా ఈ తేడాను కొట్టిపారేయలేం. కాబట్టి చెడ్డపేరులో నిలబడే భాగం ఇదే: శరీర బలం, పట్టే తీరు. కోపిష్టి కుక్క అన్న భాగం నిలబడదు. వదంతి ఈ రెండింటినీ కలిపేసి చెబుతుంది, నిషేధ చట్టాలు ఆ కలగలుపునే కాగితం మీద పెడతాయి.

ప్రాణం పోయిన చోట ఏముంది

పైన చెప్పిన 256 మరణాల పరిశీలన జాతి బదులు పరిస్థితులను లెక్కపెట్టింది. 87 శాతం కేసుల్లో అడ్డుపడగలిగే పెద్దమనిషి ఎవరూ దగ్గర లేరు. 85 శాతం కేసుల్లో చనిపోయిన మనిషికి ఆ కుక్కతో పెద్దగా పరిచయం లేదు. 84 శాతం కుక్కలకు కు.ని. ఆపరేషన్ జరగలేదు. 77 శాతం కేసుల్లో బాధితులు పసిపిల్లలో, వయసు మీదపడినవాళ్ళో, తప్పించుకునే శక్తి లేనివాళ్ళో. 76 శాతం కుక్కలు ఇంటి మనుషులతో కలిసిమెలిసి పెరగనివి, ఆవరణలో ‘ఉంటున్నవి’ మాత్రమే. పది మరణాల్లో ఎనిమిదింటిలో ఇలాంటి పరిస్థితులు నాలుగో అంతకంటే ఎక్కువో ఒకేసారి కలిశాయి.

మకాం దగ్గర కుక్క

ఆకివీడు, ఉండి, కాళ్ళ వైపు రోడ్డు దిగి గట్టెక్కితే నాలుగైదు చెరువులకో మకాం కనిపిస్తుంది. రేకుల షెడ్డు, లోపల చెక్కల మీద పేర్చిన మేత బస్తాలు, బయట ఏరియేటర్ల మోత. దొంగల కన్ను మేత మీద, మోటార్ల మీద, కౌంటుకొచ్చిన, అంటే అమ్మే సైజుకు ఎదిగిన, రొయ్య మీద ఉంటుంది కాబట్టి కుక్క ఇక్కడ షోకు కాదు, అవసరం. కొబ్బరి చెట్టు మొదట్లో నాలుగడుగుల గొలుసు. గొలుసు అందినంత మేర గడ్డి మొలవదు, నేల గుండ్రంగా నున్నగా అరిగిపోయి ఉంటుంది. వానొస్తే అదే బురద గుంట. రోజుకోసారి అన్నం, దొరికినప్పుడు చేప తల. కాపలా మనిషి మానేసి వెళ్ళిపోతే అన్నం పెట్టే చెయ్యి మారుతుంది. రొయ్య పట్టే రోజు, అంటే పట్టుబడి రాత్రి, వలలవాళ్ళు, ఐసు లారీలు, టార్చిలైట్లు ఒక్కసారిగా మీదికొస్తాయి. వాళ్ళలో దొంగ ఎవడో కూలీ ఎవరో చెప్పే దిక్కు దానికి లేదు.

భయమేసినప్పుడు ఏ కుక్కయినా ముందు చేసే పని పక్కకు తప్పుకోవడం. గొలుసు ఆ దారి మూసేస్తుంది. తర్వాతి దారి గుర్రుమని బెదిరించడం. ఇంట్లోవాళ్ళ మీద గుర్రుమందని నాలుగు తగిలిస్తే, ఆ మెట్టు దాటేయడం నేర్చుకుంటుంది. మిగిలింది కాటు. ‘చెప్పాపెట్టకుండా కరిచేసింది’ అనే కేసుల్లో చాలా వాటి వెనుక ఈ వరుస ఉంటుంది. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకుని గొలుసు అందే దూరంలోకి అడుగుపెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు, ఎందుకంటే కట్టేసిన కుక్క మొరుగుతుంది, కరుస్తుంది కూడా.

కట్టేయడానికి ముందే జరిగే నష్టం ఒకటుంది. కుక్కపిల్ల మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం వరకు ఏమేం చూస్తుందో అవి దానికి మామూలు విషయాలైపోతాయి. పిల్లలు, గొడుగు వేసుకున్న మనిషి, మోటారు సైకిలు, గడ్డం మనిషి, నైటీలో ఉన్న మనిషి, అన్నీ ఆ వయసులోనే. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటాయి. అంగట్లో, ఆన్‌లైన్‌లో నెల పిల్లలనే బుట్టలో పెట్టి ఇచ్చేస్తుంటారు. తల్లి, తోటి పిల్లల దగ్గర కాటు బలం తగ్గించుకోవడం నేర్చుకునే రోజులు అలా పోతాయి. తీసుకెళ్ళి మకాం దగ్గర కడితే, మనుషుల్ని చూసే రోజులూ పోతాయి. ఇలా పెరిగింది రాట్‌వీలర్ అయినా తమిళనాడు జాతి రాజపాళయం అయినా ఊరకుక్క సంకరమైనా ఫలితంలో తేడా గాయం సైజులోనే.

కోనసీమ తోటల్లో చెట్లెక్కి కొబ్బరికాయలు దింపే దింపు కార్మికుల పరిస్థితి దీనికి దగ్గరిదే. నెలా రెండు నెలలకోసారి వచ్చే మనిషి, నడుముకి కత్తి, చేతిలో మోకు. కుక్క లెక్కలో అతను పూర్తిగా కొత్త మనిషి, పైగా చెట్టు మీది నుంచి కాయలు పడేస్తాడు. తోట యజమాని ఊళ్ళో ఉంటాడు, కుక్క తోటలో ఉంటుంది. అడ్డుపడగలిగే మనిషి దగ్గర లేకపోవడమంటే ఇదే. గ్యాస్ సిలిండర్ తెచ్చేవాళ్ళు, కరెంటు రీడింగు తీసేవాళ్ళు, కొరియర్ కుర్రాళ్ళు రోజూ పడే ప్రమాదం కూడా ఈ కోవదే.

పేరు లేని కుక్కల లెక్క

కేంద్రం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం 2024లో దేశంలో నమోదైన కుక్కకాట్లు 37 లక్షలకు పైగా. జాతివారీ లెక్క లేకపోయినా, ఇందులో ఎక్కువ వీధి కుక్కలవే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుణ్ణి చంపింది వీధి కుక్కల గుంపు. వాటిలో ఒక్కటీ ఏ దేశపు నిషేధ జాబితాలోకీ రాదు.

గుంపు కట్టడానికి తిండి ఉండాలి. డెల్టాలో దానికి లోటు లేదు. చికెన్ షాపుల వ్యర్థాలు రాత్రికి రాత్రి కాలువ గట్టున పడతాయి. నిషేధం ఉన్నా కొన్ని చేపల చెరువులకు కోళ్ళ వ్యర్థాలనే మేతగా తోలుతున్నారు, ఆ బండ్లు ఆగిన చోటల్లా కుక్కలు చేరతాయి. కల్యాణ మండపాల వెనుక విస్తళ్ళ కుప్పలు సరేసరి. ఒక చోట నిలకడగా తిండి దొరికితే ఆ చోటు కుక్కలకు సొంత ఇలాకా అవుతుంది. తెల్లవారుజామున అటు సైకిల్ మీద వెళ్ళే పాలవాడో, ట్యూషన్‌కి వెళ్ళే పిల్లాడో వాటికి చొరబాటుదారు. వరదల్లో లంక గ్రామాల జనం, పశువులు ఏటిగట్టు మీదికి చేరినప్పుడు కుక్కల ఇలాకాలన్నీ ఒకే గట్టు మీద కలగలిసిపోతాయి.

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కను పట్టుకుని, కు.ని. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. ఊరికే తీసుకుపోతే ఖాళీ అయిన చోటికి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయన్నది దాని వెనుక తర్కం. సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఈ పద్ధతినే నిలుపుతూ, రేబిస్ ఉన్నవీ దూకుడుగా ఉన్నవీ తిరిగి వదలొద్దంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల నుంచి తీసిన కుక్కలను అక్కడే మళ్ళీ వదలకూడదని ఆదేశించింది. తీసినవాటిని ఉంచడానికి షెడ్లు, తిండి, డాక్టర్లు కావాలి. చిన్న మున్సిపాలిటీలు, పంచాయతీల దగ్గర ఈ ఆదేశం బరువు తెలిసేది అక్కడే.

రేబిస్‌కు జాతి తేడా అస్సలు లేదు. టీకా లేని పొమేరియన్ గీరినా, పిచ్చికుక్క కరిచినా గాయాన్ని ధారగా పారే నీళ్ళు, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. లోతైన గాయానికి టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న ప్రతిరక్షకాల మందు) కూడా వేస్తారు. కారం, సున్నం, కాఫీ పొడి అద్దడం గాయాన్ని పాడుచేయడం తప్ప దేనికీ పనికిరాదు. పెంపుడు కుక్కే కదా అని ఊరుకోవడం అంతకంటే ప్రమాదం.

నిషేధించిన చోట ఏం జరిగింది

బ్రిటన్ 1991లో నాలుగు రకాలను నిషేధించింది: పిట్‌బుల్ టెర్రియర్, టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలెరో. ఆ చట్టం అమల్లో ఉండగానే ఇంగ్లండ్‌లో కుక్కకాటుతో ఆసుపత్రిలో చేరేవాళ్ళు 1998లో లక్షకు ఆరుగురు ఉంటే 2018కి పదిహేనుగురు అయ్యారు. చట్టంలో లేని, ఇంకా భారీగా పుట్టించిన ఎక్స్ఎల్ బుల్లీ ఈలోగా బయల్దేరింది. వరస మరణాల తర్వాత 2023 చివర్లో దాన్నీ జాబితాలో చేర్చారు. జాబితా ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. నెదర్లాండ్స్ 1993లో పెట్టిన పిట్‌బుల్ నిషేధాన్ని కాట్లు తగ్గలేదని 2008లో ఎత్తేసింది. ఇటలీ 2009లో జాతుల జాబితాను వదిలేసి బాధ్యత యజమాని మీద పెట్టింది. డెన్వర్ ఓటర్లు 2020లో పాత నిషేధం బదులు పర్మిట్ పద్ధతికి ఒప్పుకున్నారు.

సాక్ష్యం అంతా ఒకే వైపు లేదు. కెనడాలోని మానిటోబాలో నిషేధం పెట్టిన ప్రాంతాల్లో ఆసుపత్రిలో చేరే స్థాయి కాట్లు కొంత తగ్గినట్టు ఒక అధ్యయనంలో కనిపించింది. జాతి ప్రభావం గాయం తీవ్రత మీదే అనుకుంటే ఇది ఆశ్చర్యపోవాల్సిన ఫలితం కాదు. నిషేధం కాట్ల సంఖ్యను పెద్దగా కదపలేకపోవచ్చు, కొన్ని చోట్ల పెద్ద గాయాలను కాస్త తగ్గించొచ్చు.

డెల్టాలో ఇకముందు

కేంద్రం మళ్ళీ జాబితా తెస్తే ఇక్కడ జరగబోయేది ఊహించడం కష్టం కాదు. అమ్మకం చాటుకు వెళుతుంది, పిట్‌బుల్‌ను ‘ఇంపోర్టెడ్ క్రాస్’ అని ఇంకో పేరుతో అమ్ముతారు. పట్టుబడతామని జంకి కొందరు టీకాకు పశువుల ఆసుపత్రికే తీసుకెళ్ళరు. ఇంకొందరు రాత్రిపూట కాలువ గట్టున వదిలేసి వస్తారు, మనుషుల అలవాటు లేని బలమైన కుక్క ఊరకుక్కల గుంపులో చేరుతుంది. చెరువుకి మాత్రం కాపలా కావాలి కాబట్టి గొలుసు అలాగే ఉంటుంది, దాని చివర డాబర్‌మ్యాన్ వస్తుంది.

ఇప్పుడున్న చట్టంలోనే జాతి అడగని దారి ఒకటుంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనిషికి ప్రాణాపాయమో తీవ్ర గాయమో కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. గొలుసు బదులు మకాం చుట్టూ వల కంచె, గేటుకు లోపలి గడియ, పట్టుబడి రాత్రి కుక్కను గదిలో పెట్టడం, ఏటా టీకా, కు.ని. ఆపరేషన్. వీటికయ్యే ఖర్చు చెరువు మీద ఒక పంటకయ్యే మేత ఖర్చుతో పోలిస్తే చిన్నదే. పెద్ద కుక్క అయితే ఈ జాగ్రత్తలు తప్పనిసరి చేయాలనడంలో న్యాయం ఉంది. అక్కడ కొలవాల్సింది బరువును, పేరును కాదు.

దీనికి ముందు ఆసుపత్రి రికార్డు మారాలి. కుక్కకాటుతో వచ్చినవాళ్ళ చీటీలో గాయం తీవ్రతను బట్టి మొదటి కేటగిరీయా, రెండోదా, మూడోదా అని రాస్తారు, ఎందుకంటే ఇంజక్షన్ నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది. వీధి కుక్కా పెంపుడుదా, కట్టేసి ఉందా వదిలేసి ఉందా, కరిచినప్పుడు యజమాని దగ్గరున్నాడా అన్న మూడు గడులు అదే చీటీలో చేరిస్తే, రెండు మూడేళ్ళలో ఉభయ గోదావరి జిల్లాల ఆసుపత్రుల నుంచే అమెరికా లెక్కలు అరువు తెచ్చుకోనక్కరలేనంత సమాచారం పోగవుతుంది. ఏ మండలంలో వీధి కుక్కల మీద, ఏ మండలంలో చెరువుల మీద ముందుగా దృష్టి పెట్టాలో పంచాయతీకి అందులోనే కనిపిస్తుంది.